దెబ్బ తిననివాడికి నవ్వు రాదు: లెక్కల జోకుకి టీకా తాత్పర్యం ఎందుకు కావాలంటే

ఒక మాట ముందే చెప్పేస్తా. నచ్చకపోతే ఇక్కడే ఆపేయండి, నేనేం అనుకోను. జోకు అర్థం కావడానికి తెలివి చాలు. నవ్వు రావడానికి మాత్రం తెలివి చాలదు, దెబ్బ తిని ఉండాలి. లెక్కల జోకు చెప్పినా, ప్రోగ్రామింగ్ జోకు చెప్పినా ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి అర్థం విప్పాల్సి వస్తోందంటే కారణం ఇదే. వినేవాడికి బుర్ర లేక కాదండీ. వాడికి ఆ దెబ్బ ఇంకా తగల్లేదు, అంతే.

పోయిన వీడియోలో నేనొక జోకు చెప్పా, గుర్తుంది కదా. ప్రోగ్రామర్లు హాలోవీన్‌కీ క్రిస్మస్‌కీ ఎందుకు తికమక పడతారు? ఆక్ట్ 31, డెక్ 25 రెండూ ఒకటే కాబట్టి. ఇదీ జోకు. దాని మీద జరిగిన రచ్చ మీరే చూశారు. సగం మంది "అర్థం కాలేదన్నా" అన్నారు. వాళ్ళతో నాకు ఏ పేచీ లేదు. మిగతా సగం మంది ఉన్నారే, "వివరించాల్సొచ్చిందంటే అది చచ్చిన జోకు" అని తీర్పిచ్చేసినవాళ్ళు, ఈ వీడియో వాళ్ళ కోసం.

వివరిస్తే చచ్చిపోతుందా? ఎవరు చెప్పారండీ ఈ మాట? పొడుపు కథ విప్పితే చచ్చిపోతుందా? మా అమ్మమ్మ పొడిచిన కథ విప్పలేక రాత్రంతా దొర్లి, పొద్దున్నే ఆవిణ్ణి బతిమాలి జవాబు చెప్పించుకుంటే వచ్చే ఆనందం మీరెప్పుడూ ఎరగరా? మన దగ్గర పింగళి సూరన 16వ శతాబ్దంలో రాఘవపాండవీయం రాశాడు. ఒకే పద్యం. పదాల్ని ఒకలా విడదీస్తే రామాయణం, ఇంకోలా విడదీస్తే భారతం. టీక పక్కన పెట్టుకోకుండా దాన్ని చదివేసి రెండు కథలూ పట్టుకోగలిగినవాళ్ళు ఎంతమంది? పండితుడు విడదీసి చూపిస్తాడు, అప్పుడు సభ "ఆహా" అంటుంది. విప్పి చెప్పావు కాబట్టి పద్యం చచ్చిందని ఎవరైనా లేచి వెళ్ళిపోయారా? లేదే! శ్లేషని విప్పించుకుని ఆనందించడం మన రక్తంలో ఉంది. మరి ఆ మాట మనకెక్కడ అంటుకుంది?

ఆక్ట్ 31 కూడా అచ్చంగా శ్లేషే. హాలోవీన్ అంటే అక్టోబరు 31న దెయ్యాల వేషాలు వేసుకునే విదేశీ పండగ. ఆక్ట్ అంటే అక్టోబరు, ఆక్ట్ అంటే ఆక్టల్, అంటే ఎనిమిదుల లెక్క. డెక్ అంటే డిసెంబరు, డెక్ అంటే డెసిమల్, అంటే మన మామూలు పదుల లెక్క. ఎనిమిదుల లెక్కలో 31 అంటే మూడెనిమిదులు ఇరవై నాలుగు, పైన ఒకటి, ఇరవై అయిదు. అయిపోయింది.

అర్థమైందా? అయింది. నవ్వొచ్చిందా? నిజం చెప్పండి. రాలేదు. "ఓహో" అన్నారు, "బావుంది" అన్నారు, నవ్వలేదు. చూశారా, వివరణ తన పని తను చేసింది. అర్థం ఇచ్చింది. నవ్వు ఇవ్వలేదు, ఎందుకంటే నవ్వు వివరణ దగ్గర ఉండదు. అది ఎక్కడుంటుందో చెప్తా.

నా మొదటి ఉద్యోగం. కంపెనీ పేరొద్దు. నాకిచ్చిన పని చాలా చిన్నది, కస్టమర్ల ల్యాండ్‌లైన్ నంబర్ల ముందు ఎస్టీడీ కోడ్ తగిలించడం. సి అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాం. ముందు ఒక్క ఊరితో మొదలుపెడదామని హైదరాబాదు కోడ్ టైప్ చేశా. 040. [స్క్రీన్ మీద: 040] నడిపించా. కంప్యూటర్ నాకు చూపించిన హైదరాబాదు కోడ్ 32.

ముప్పై రెండు! ఎక్కణ్ణుంచి వచ్చింది ఈ ముప్పై రెండు? నేను రాసిన మొత్తం ప్రోగ్రాంలో ఎక్కడా 32 లేదు. చెరిపి మళ్ళీ టైప్ చేశా. 32. ప్రింట్ చేసే లైను మార్చా. 32. వేరే సిస్టమ్ మీద కూర్చున్నా. 32. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. హైదరాబాదు సంగతి తర్వాత చూద్దాంలే అని విజయవాడ కలిపా, 0866. ఈసారి ప్రోగ్రాం కంపైలే అవ్వలేదు, అంటే కంప్యూటర్ దాన్ని తీసుకోనేలేదు. వైజాగ్ కలిపా, 0891. అదీ అంతే. ఎర్రక్షరాలు. ఆక్టల్ సంఖ్యలో 8 అనే అంకె చెల్లదట. ఆక్టల్ ఎవడు రాశాడు, నేను రాసింది ఫోన్ కోడ్ కదా!

సాయంత్రం ఒక సీనియర్ నా కుర్చీ వెనక నుంచుని పది సెకన్లు చూశాడు. "ముందు సున్నా ఉంటే సి దాన్ని ఎనిమిదుల లెక్కగా చదువుతుంది" అన్నాడు, వెళ్ళిపోయాడు. అంతే. నాలుగెనిమిదులు ముప్పై రెండు. ఎనిమిదుల లెక్కలో ఉండే అంకెలు 0 నుంచి 7 దాకానే, అందుకే 8 కనపడగానే విజయవాడనీ వైజాగ్‌నీ గుమ్మంలోనే ఆపేసింది. ఇక్కడొకటి గమనించండి, ఇది ఎంత ప్రమాదకరమైన తప్పో. విజయవాడ దగ్గర కనీసం అరిచి చెప్పింది. హైదరాబాదు దగ్గర నోరెత్తకుండా తప్పు నంబరు చేతిలో పెట్టింది. ఆ రోజు నేను ప్రింట్ తీసి చూశా కాబట్టి సరిపోయింది, లేకపోతే హైదరాబాదు కస్టమర్లందరికీ 32 తగిలించి పంపేవాళ్ళం.

ఆ వారంలోనే క్యాంటీన్‌లో ఎవరో ఆక్ట్ 31 జోకు చెప్పారు. నేను టీ గ్లాసు కింద పెట్టేసి మరీ నవ్వా. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వా. నా పక్కన కూర్చున్నవాడు నాకన్నా తెలివైనవాడు, ఆక్టల్ అంటే ఏంటో నాకన్నా బాగా తెలుసు, నవ్వలేదు. "అవును, నిజమే, ఇరవై అయిదు" అన్నాడు. ఇద్దరికీ తెలిసిన విషయం ఒకటే. తేడా ఏంటి? వాడు ఆక్టల్‌ని పుస్తకంలో చదివాడు. నన్ను ఆక్టల్ ఒక పూటంతా కుర్చీలో కూర్చోబెట్టింది.

అందుకే అంటున్నా. దెబ్బ తిన్నవాడికే నవ్వొస్తుంది.

అత్తాకోడళ్ళ జోకులకి వివరణ ఎందుకు అక్కర్లేదు? ఆ దెబ్బలు అందరం తిన్నాం. పెళ్ళి భోజనాల జోకు, బస్సులో సీటు కోసం కర్చీఫు వేసే జోకు, కరెంటు పోయిన జోకు, వీటికి టీక ఎవడు అడుగుతాడు? ప్రోగ్రామింగ్ జోకుల్లో కూడా ఒకటుంది, అస్సలు వివరణ అక్కర్లేనిది. భార్య అంటుంది, "లీటరు పాలు తే. గుడ్లుంటే డజను తే." ప్రోగ్రామర్ మొగుడు పన్నెండు లీటర్ల పాలు మోసుకొచ్చాడు. ఇన్ని పాలెందుకయ్యా అంటే, "గుడ్లున్నాయి" అన్నాడు. ఇది మా పెద్దమ్మకి చెప్పా. ఆవిడకి ప్రోగ్రాముల్లో షరతులు పెట్టే ఇఫ్ తెలీదు, ఎల్స్ తెలీదు, కంప్యూటర్ ముట్టుకోలేదు. నేను చివరి మాట అనకముందే పడీ పడీ నవ్వి, "మీ పెదనాన్నని ఒకసారి కొత్తిమీరకి పంపించా" అని ఆవిడ కథ మొదలుపెట్టింది. దెబ్బ ఉంది కదా! మొగుణ్ణి బజారుకి పంపిన ప్రతి ఆడమనిషికీ ఆ దెబ్బ ఉంది. పైగా ఈ జోకు తెలుగులో ఇంకా అందంగా పడుతుంది. "డజను తే" అన్నప్పుడు దేన్ని తేవాలో మనం చెప్పం, చెప్పక్కర్లేదు, అది మన భాష సొగసు. ఆ ఖాళీలోనే జోకు కాపురం చేస్తోంది.

ఇప్పుడు నాకు నిజంగా కడుపు మండే చోటికి వద్దాం.

ఇద్దరు లెక్కల మాస్టార్లు హోటల్లో కూర్చున్నారు. జనానికి లెక్కలు బొత్తిగా రావని ఒకాయన, అంత అన్యాయమేం కాదు, వచ్చని రెండో ఆయన. మొదటాయన చెయ్యి కడుక్కోడానికి వెళ్ళాడు. రెండో ఆయన గబగబా సర్వర్ అమ్మాయిని పిలిచి, "నేనొక ప్రశ్న అడుగుతా, ఎక్స్ క్యూబ్ బై త్రీ అని చెప్పమ్మా" అన్నాడు. ఆ అమ్మాయి "ఎక్స్ క్యూబ్ బై త్రీ, ఎక్స్ క్యూబ్ బై త్రీ" అని బట్టీ కొట్టుకుంటూ వెళ్ళింది. మొదటాయన వచ్చాక ఆ అమ్మాయిని పిలిచారు. "ఎక్స్ స్క్వేర్‌కి ఇంటిగ్రల్ ఎంతమ్మా?" "ఎక్స్ క్యూబ్ బై త్రీ సార్." మొదటాయన నోరు తెరిచాడు. ఆ అమ్మాయి రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి అంది. "ప్లస్ సి."

ఇంటర్ సెకండియర్‌లో మ్యాథ్స్ 2బి చేత్తో రాసినవాళ్ళు ఇప్పటికే నవ్వేసి ఉంటారు. ఎందుకు? ప్లస్ సి మర్చిపోయి మార్కు పోగొట్టుకున్నారు కాబట్టి! లెక్కంతా కరెక్టు, పేజీన్నర స్టెప్పులు కరెక్టు, చివర ఒక్క అక్షరం లేదు, ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. ఆ సున్నా మనిషి జన్మలో మర్చిపోడు. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి "ప్లస్ సి" అన్నప్పుడు నవ్వేది మన బుర్ర కాదు, ఆ పోయిన మార్కు.

ఇదే జోకు ఈ మధ్య ఒక కుర్రాడికి చెప్పా. పొద్దున్నుంచి రాత్రి దాకా ఎంట్రెన్స్ కోచింగ్‌లో ఉంటాడు. ఇంటిగ్రేషన్ లెక్క ఇస్తే నేను పెన్ను మూత తీసేలోపు జవాబు చెప్తాడు, అంత చురుకు. నా మొహం వంక చూసి, "అంటే, ప్లస్ సి ఉంటుంది కదన్నా, ఇందులో ఏముంది?" అన్నాడు. నాకు గుండె కలుక్కుమంది. వాడి తప్పు కాదండీ. నాలుగు ఆప్షన్ల పరీక్షలో ఎ, బి, సి, డి నాలుగింటికీ ప్లస్ సి ముందే అచ్చేసి ఉంటుంది. మర్చిపోయే అవకాశమే వాడికి ఎవరూ ఇవ్వలేదు! మర్చిపోడు, మార్కు పోదు, ఆ సి ఎందుకుందో ఒక్కసారి కూడా ఆలోచించాల్సిన అవసరం రాదు. డిఫరెన్షియేట్ చేసినప్పుడు ఏ స్థిర సంఖ్యైనా మాయమైపోతుంది, 5 ఉన్నా పోతుంది, 500 ఉన్నా పోతుంది, ఇంటిగ్రేషన్ అంటే దానికి రివర్సు, అలా వెనక్కి వచ్చేటప్పుడు అక్కడ ఏముండేదో తెలీదు కాబట్టి "ఏదో ఒకటి ఉండేది" అని సి రాస్తాం. ఎంత గొప్ప సంగతి! పోయినదాని జ్ఞాపకం అది. ఆ పిల్లాడికి అది ఆప్షన్ చివర అంటుకున్న తోక.

తప్పు చెయ్యనివ్వకుండా పెంచితే నవ్వడం రాదు. ఇది నేను ఒట్టేసి చెప్తా. పిల్లాడికి ఒక చాప్టర్ వచ్చో రాదో ర్యాంకు చూసి నమ్మకండి. ఆ చాప్టర్ మీద జోకు చెప్పి చూడండి. నవ్వితే వచ్చినట్టు.

మధ్యలో ఇంకో ముచ్చట, ఇది చెప్పకుండా ఉండలేను. కొన్ని జోకులు నోటితో చెప్తేనే పోతాయి. [స్క్రీన్ మీద: ప్రపంచంలో 10 రకాల మనుషులుంటారు. బైనరీ తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు.] ఇది చదవండి. నేను చదవను, చదవలేను! "పది రకాలు" అని చదివానా, తప్పు చదివినట్టు, జోకు పోయింది. "రెండు రకాలు" అని చదివానా, గుట్టు విప్పేసినట్టు, జోకు పోయింది. "ఒకటి సున్నా రకాలు" అంటే ముందే చెయ్యెత్తి జోకొస్తోందని చెప్పినట్టు. బైనరీ అంటే రెండుల లెక్క, అందులో 10 అంటే రెండు, ఒక రెండూ సున్నా ఒకట్లూ. ఈ జోకు కంటికే పుట్టింది, నోటికి పుట్టలేదు. ఫోన్లో ఫ్రెండ్‌కి చెప్పి వాడు నవ్వలేదని బాధపడకండి.

"మరి లాజిక్ జోకుల సంగతేంటి, వాటిలో దెబ్బేదీ?" అని అడుగుతారని తెలుసు. ముగ్గురు తర్కశాస్త్రజ్ఞులు హోటల్‌కి వెళ్ళారు. సర్వర్ అడిగాడు, "ముగ్గురికీ టీయేనా సార్?" మొదటాయన "తెలీదు". రెండో ఆయన "తెలీదు". మూడో ఆయన "అవును, ముగ్గురికీ టీయే". మొదటాయనకి టీ వద్దనుకుంటే "కాదు" అనేసేవాడు. తనకి కావాలి, మిగతావాళ్ళ సంగతి తెలీదు, అందుకే "తెలీదు". రెండో ఆయనా అంతే. ఇక మూడో ఆయనకి అంతా తెలిసిపోయింది. ఇక్కడా దెబ్బ ఉందండీ! "అందరూ వచ్చారు" అనేదానికి వ్యతిరేకం రాయమంటే "ఎవరూ రాలేదు" అని రాసి కొట్టేయించుకున్నవాళ్ళని అడగండి. సరైన జవాబు "కనీసం ఒక్కరు రాలేదు". మన తెలుగులో ఇది మరీ చిక్కు. "అందరూ రాలేదు" అంటే కొందరే వచ్చారనా, ఒక్కరూ రాలేదనా? రెండూ పలుకుతాయి. ఆ "అందరూ" అనే మాట దగ్గర ఒకసారి కాలు జారినవాడికి, "తెలీదు" అని అంత జాగ్రత్తగా చెప్పే మనిషిని చూస్తే నవ్వు ఆగదు.

ఇంజినీరింగ్ చదివిన ప్రతివాళ్ళ ఇంట్లోనూ ఉండే పుస్తకం ఒకటుంది, కెర్నిఘన్, రిచీ కలిసి రాసిన సి పుస్తకం. 1988లో వచ్చిన రెండో ఎడిషన్ తీయండి. వెనక విషయసూచికలో రికర్షన్ అనే మాట వెతకండి. తనని తాను పిలుచుకునే ఫంక్షన్ల సంగతి. పేజీ నంబర్లు వరసగా ఉంటాయి, చివరి నంబరు 269. తిప్పండి 269కి. ఎక్కడికొచ్చారు? ఆ సూచిక పేజీకే, ఆ రికర్షన్ అనే మాట దగ్గరికే! ఈ జోకు నాకు ప్రాణం. ఎందుకంటే దెబ్బ కూడా అదే వేస్తుంది. మీరే వేలితో పేజీ తిప్పాలి, మీరే మళ్ళీ అక్కడికే రావాలి. వివరణ ఎవరూ ఇవ్వక్కర్లేదు, మీ వేలే వివరణ.

పావురాల సంగతి విన్నారా? 1990 ఏప్రిల్ 1న ఒకాయన పావురాల కాళ్ళకి చీటీలు కట్టి ఇంటర్నెట్ డేటా పంపే పద్ధతిని అధికారిక పత్రంలా రాశాడు. నంబరు కూడా ఉంది, ఆర్‌ఎఫ్‌సి 1149. ఇంటర్నెట్ పద్ధతులు రాసిపెట్టే పత్రాల్ని ఆర్‌ఎఫ్‌సి అంటారు. 2001లో నార్వేలోని బెర్గెన్‌లో కొంతమంది కుర్రాళ్ళు దాన్ని నిజంగా చేసి చూశారు. తొమ్మిది ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, పంపితే నాలుగింటికే జవాబు వచ్చింది. ఒక్కో జవాబుకి దాదాపు గంట నుంచి గంటా ముప్పావు దాకా పట్టింది. పావురం అనగానే ఎవరైనా చిన్నగా నవ్వుతారు. "55 శాతం ప్యాకెట్ లాస్" అని రిపోర్టులో రాశారని చెప్తే, రాత్రి రెండింటికి నెట్‌వర్క్ పడిపోయి మేనేజర్ ఫోన్లు ఎత్తిన ఇంజినీర్ మాత్రం నేలమీద దొర్లుతాడు. అదే జోకు, రెండు నవ్వులు.

కాబట్టి వివరించడం ఆపకండి. కానీ వివరించే పద్ధతి మార్చండి. మనమంతా చేసే తప్పు, రూలు చెప్తాం. "ఆక్టల్ అంటే బేస్ ఎనిమిది" అని మొదలుపెడతాం. రూలు చెప్తే క్లాసు అవుతుంది. దెబ్బ చెప్పాలి! మీకు తగిలిన దెబ్బని అవతలివాడికి ఓ రెండు నిమిషాలు అప్పివ్వాలి.

నేను దీన్ని ఇంట్లోనే చేసి చూశా. మా నాన్నగారు టెలిఫోన్ డిపార్ట్‌మెంటులో రిటైరయ్యారు. ఆక్ట్ 31 జోకు మొదట రూలుతో చెప్పా. పేపర్లోంచి తలెత్తకుండా "ఊఁ" అన్నారు. వారం తర్వాత జోకు ఊసెత్తకుండా 040 కథ చెప్పా. హైదరాబాదు 32 అయిపోయిందనగానే పేపర్ మడిచి పక్కన పెట్టారు.

"మరి బెజవాడ?"

"లోపలికే రానివ్వలేదు నాన్నా, ఎనిమిదుందని."

"గుంటూరు 0863, దానిలోనూ ఎనిమిదుంది."

"అదీ రాదు."

ఆయన వేళ్ళు మడవడం మొదలుపెట్టారు. నెల్లూరు 0861. వరంగల్ 0870. తిరుపతి 0877. రాజమండ్రి 0883. కర్నూలు 08518. ఆగి, నా వంక చూశారు. "మన కోడ్లన్నిటికీ ముందు సున్నా ఎనిమిదేరా. అంటే రెండు రాష్ట్రాల్లోనూ మీ కంప్యూటర్ గడప దాటనిచ్చింది ఒక్క హైదరాబాదునే. అదీ తప్పు నంబరు మీద!" అని, భుజాలు కదిలేలా నవ్వారు.

తర్వాత కరెంటు బిల్లు వెనక పెన్నుతో రాసుకోవడం మొదలైంది. ఢిల్లీ 011 ఎంత? ఒక ఎనిమిదీ ఒకటీ, తొమ్మిది. బొంబాయి 022? పద్దెనిమిది. మద్రాసు 044 నన్ను అడగలేదు. "నాలుగెనిమిదులు ముప్పై రెండు, ఓ నాలుగు... ముప్పై ఆరు" అని ఆయనే వేసుకున్నారు. ఎనిమిదుల లెక్క ఆయనకి నేను నేర్పలేదు, చూశారుగా.

రాత్రి భోజనాల దగ్గర అమ్మకి ఆక్ట్ 31 జోకు ఆయనే చెప్పారు. అమ్మ పప్పు వడ్డిస్తూ, "నాకేం అర్థం కాలేదండీ" అంది.

"అలా కాదు. ముందు నీకు హైదరాబాదు సంగతి చెప్పాలి. కూర్చో."